మానిటర్ పేరు తప్పుగా చూపిస్తోందా? విండోస్ మార్చకముందు కేబుల్ పిన్నులు చూడండి

చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల్లో, కావలి వైపు రొయ్యల మేత గోడౌన్లలో, ఒంగోలు డీటీపీ సెంటర్లలో ఇదే తిప్పలు. మానిటర్ 1920×1080ది, తెర మాత్రం 1024×768 దగ్గర ఆగిపోతుంది. గుండ్రటి స్టాంపు కోడిగుడ్డులా సాగి కనిపిస్తుంది. చాలామంది వెంటనే విండోస్ మళ్లీ ఎక్కించేస్తారు. సగం రోజు పోతుంది, తెర అలాగే ఉంటుంది.

ముందు డివైస్ మేనేజర్ తెరవండి. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ లేదన్నమాట. కంప్యూటర్ తయారీ కంపెనీ సైటు నుంచే దించుకుని వేయండి. డ్రైవర్లన్నీ తామే అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు.

అడాప్టర్ పేరు సరిగానే ఉండి, మానిటర్స్ కింద 'జెనెరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్' అని కనిపిస్తే తప్పు చాలాసార్లు కేబుల్ దారిలోనే ఉంటుంది. తొందరపడకూడని చోటు ఇదే.

ప్రతి మానిటర్ తన పేరు, తను చూపగల రిజల్యూషన్లు ఒక చిన్న చిట్టాగా దాచుకుంటుంది. దాన్ని ఈడీఐడీ అంటారు, మూల చిట్టా 128 బైట్లు. వీజీఏ కేబుల్‌లో (మూడు వరసల్లో 15 పిన్నులుండే పాత రకం మానిటర్ కేబుల్) ఈ చిట్టా 12, 15 నంబర్ల పిన్నుల మీదుగా వస్తుంది. రంగులు వచ్చేది 1, 2, 3 పిన్నుల్లో. అందుకే 12 వంగినా బొమ్మ నిక్షేపంగా వస్తుంది, మానిటర్ పేరు మాత్రం రాదు. బొమ్మ వస్తోంది కాబట్టి కేబుల్ బాగానే ఉందనుకోవడమే అసలు పొరపాటు.

మానిటర్, సీపీయూ రెండింటి పవరూ తీసేసి కేబుల్ ప్లగ్ ఊడదీయండి. పిన్నులు మీ వైపు, వెడల్పు అంచు పైకి ఉండేలా పట్టుకోండి. కింది వరసలో ఎడమ నుంచి రెండోది 12, చివరిది 15. మధ్య వరసలో నాలుగోది, అంటే 9, చాలా కేబుళ్లలో తయారీలోనే ఉండదు. విరిగిందని కంగారు పడొద్దు. వంగిన పిన్నును 0.9 ఎం.ఎం. లెడ్ పెన్సిల్ ఖాళీ మొనలో దూర్చి, ఒక్కసారే, మెల్లగా నిలబెట్టండి. అటూ ఇటూ వంచితే పుటుక్కున విరుగుతుంది.

సముద్రపు గాలి తగిలే చోట పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో తోమి, పది నిమిషాలు ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోయి చిలుము ఇంకా తొందరగా పడుతుంది. మధ్యలో స్ప్లిటర్ (ఒకే బొమ్మను రెండు తెరలకు పంచేది) గానీ ఎక్స్‌టెన్షన్ గానీ ఉంటే తీసి, నేరుగా తగిలించి చూడండి. చవక రకాల్లో 12, 15 పిన్నుల తీగలు ఉండకపోవచ్చు.

రెండు స్క్రూలూ బిగించి, ముందు మానిటర్, తర్వాత సీపీయూ ఆన్ చేయండి. పేరు వస్తే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'రికమెండెడ్' అన్న రిజల్యూషన్ ఎంచుకోండి. పేరు రాకపోతే వేరే కేబుల్ పెట్టి చూడండి. రెండు వైపులా హెచ్‌డీఎంఐ ఉంటే వీజీఏని పక్కన పడేయడమే మేలు.

'ఈ మానిటర్ చూపలేని మోడ్‌లు దాచు' అన్న టిక్ మాత్రం తీయొద్దు. మానిటర్‌కి తగని మోడ్ ఎక్కితే తెర నల్లబడుతుంది. అలా అయితే ఏదీ నొక్కకుండా 15 సెకన్లు ఆగండి, పాత మోడ్ తిరిగి వస్తుంది.

అక్షరాలు చిన్నవయ్యాయని రిజల్యూషన్ తగ్గించకండి, తెర మసకబారుతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే ఉన్న స్కేల్‌ను 125% చేయండి.