విదేశీ ఆటగాడిని ఏ స్థానానికి తీసుకోవాలి? బాస్కెట్‌బాల్ జట్టు లెక్క వేసే పద్ధతి

దక్షిణ కొరియా ప్రొఫెషనల్ లీగ్ కె.బి.ఎల్.లో 2019-20 నుంచి కొన్ని సీజన్లపాటు, ఒక జట్టు ఇద్దరు విదేశీ ఆటగాళ్లను పెట్టుకోవచ్చు గానీ, కోర్టు మీద ఒక సమయంలో ఒక్కరే ఉండాలన్న నియమం నడిచింది. అలాంటప్పుడు అయిదుగురిలో ఒకే ఒక్క చోటు కాబట్టి, దాన్ని తప్పు స్థానానికి కేటాయించిన జట్టు సీజన్ అంతా ఆ నష్టాన్ని మోస్తుంది. అందుకే ఎవరు ఎక్కువ పాయింట్లు కొడతారన్న ప్రశ్నతో వెతుకులాట మొదలుపెట్టకూడదని నా అభిప్రాయం. నియమం ఏం అనుమతిస్తోంది, స్థానిక ఆటగాళ్లలో ఏది దొరకడం లేదు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం దొరికితే స్థానం దానంతట అదే తేలుతుంది. మనిషి పేరు ఆ తరవాతి సంగతి. మీరు కోచింగ్ నేర్చుకుంటున్నా, అభిమానిగా ఒక జట్టు ఎంపికను అర్థం చేసుకోవాలనుకున్నా, కింది వరుసలో ఆలోచించి చూడండి.

మొదటి మెట్టు: నియమాల పుస్తకం చదవండి

ఎంతమందిని నమోదు చేయవచ్చు, ఒకేసారి ఎంతమంది ఆడవచ్చు, ఎత్తుకు పరిమితి ఉందా అన్న మూడు సంగతులను ముందుగా ఒక కాగితం మీద రాసుకోండి. కె.బి.ఎల్. 2018-19 సీజన్‌కు ఇద్దరు విదేశీయులలో ఒకరు 200 సెం.మీ. లోపు, మరొకరు 186 సెం.మీ. లోపు ఉండాలని నిర్ణయించింది. అంతకు ముందు సీజన్‌లో లీగ్‌లోనే అత్యధిక సగటుతో పాయింట్లు సాధించిన డేవిడ్ సైమన్‌ను కొలిస్తే 202.1 సెం.మీ. తేలింది. ఆ రెండు సెంటీమీటర్ల కారణంగా అంతటి సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడగరి) కొరియా విడిచి వెళ్లవలసి వచ్చింది. మరుసటి సీజన్‌కు ఆ పరిమితిని ఎత్తివేశారు. ఆటగాడి నైపుణ్యంలో ఏ మార్పూ లేకుండానే, ఒక్క నియమం వల్ల అతని విలువ ఒక ఏడాది సున్నా అయి, మరుసటి ఏడాది తిరిగి వచ్చిందన్నమాట.

దీనికి ముందు 2015-16లో ఇద్దరిలో ఒకరు 193 సెం.మీ. లోపు ఉండాలన్న నియమం వచ్చినప్పుడు, గొయాంగ్ ఓరియన్స్ జట్టు సుమారు 180 సెం.మీ. ఎత్తున్న జో జాక్సన్‌ను పాయింట్ గార్డ్‌గా (బంతి నడిపి ఆట సాగించేవాడిగా) తెచ్చుకుని, పొడవైన ఫార్వర్డ్ ఆరన్ హేన్స్‌కు జతచేసి ఛాంపియన్ అయింది. పొట్టివాడిని తప్పనిసరిగా తీసుకోవలసి వచ్చినప్పుడు అతని చేతికి బంతిని పూర్తిగా అప్పగించడమే సరైన దారి అని ఆ జట్టు గ్రహించింది.

ఫిలిప్పీన్స్ లీగ్ పి.బి.ఎ.లో లెక్క వేరు. ఏడాదిలోని ఫిలిప్పీన్ కప్‌లో విదేశీయులే ఉండరు. కమిషనర్స్ కప్, గవర్నర్స్ కప్‌లలో చాలా కాలంగా జట్టుకు ఒక్కరు ఉంటూ వచ్చారు. గవర్నర్స్ కప్‌లో అతని ఎత్తు ఆరున్నర అడుగులకు అటూఇటూగా ఆగిపోవాలన్న పరిమితి చాలా కాలంగా ఉంది. జపాన్ బి.లీగ్‌లో 2020-21 సీజన్‌లో ముగ్గురిని నమోదు చేసి, ఇద్దరిని ఒకేసారి ఆడించవచ్చు. ఒక చోటు ఉన్నప్పుడు వేసే లెక్క రెండు చోట్లు ఉన్నప్పుడు పనికిరాదు.

రెండో మెట్టు: స్థానికులలో ఏ స్థానం ఖాళీగా ఉందో లెక్కించండి

అసలు నిర్ణయం జరిగేది ఇక్కడే. జట్టులోనే కాకుండా, ఆ దేశం మొత్తంలో ఏ స్థానానికి మంచి ఆటగాళ్లు తక్కువగా పుడుతున్నారో చూడాలి. కొరియాలో చురుకైన గార్డులకు, గురి తప్పని షూటర్లకు కొరత లేదు. 207 సెం.మీ. సియో జాంగ్-హూన్, 205 సెం.మీ. కిమ్ జూ-సుంగ్, 221 సెం.మీ. హా సుంగ్-జిన్ వంటి పెద్ద ఆటగాళ్లు మాత్రం తరానికి ఇద్దరో ముగ్గురో వస్తారు. వాళ్లు ఏదో ఒక జట్టుకే దక్కుతారు. మిగిలిన జట్లకు రింగు దగ్గర నిలబడే మనిషి కావాలి కాబట్టి, ఎత్తు పరిమితి పోగానే అక్కడి విదేశీ చోటు ఎక్కువగా సెంటర్లకూ పవర్ ఫార్వర్డ్‌లకూ (సెంటర్‌కు తోడుగా రింగు దగ్గర ఆడేవాళ్లకు) వెళ్లింది.

చైనా పరిస్థితి దీనికి తలకిందులు. 229 సెం.మీ. యావో మింగ్‌ను, 212 సెం.మీ. యీ జియాన్‌లియాన్‌ను ఇచ్చిన దేశంలో పొడవుకు కొదవ లేదు. ఒత్తిడిలో బంతిని కాపాడుతూ, ఎదుటివాడిని దాటి వెళ్లి, సహచరుడికి సమయానికి అందించే గార్డుకే కొరత. 188 సెం.మీ. స్టెఫాన్ మార్‌బరీ బీజింగ్ జట్టును 2012, 2014, 2015లలో మూడుసార్లు ఛాంపియన్‌గా నిలపడానికి కారణం ఇదే. ఆ కథ చెప్పేటప్పుడు చాలామంది మరచిపోయే పేరు ర్యాండల్ఫ్ మోరిస్. ఆ జట్టులోని రెండో విదేశీ చోటు ఒక సెంటర్‌కు దక్కింది. గార్డు దారి తీస్తే, ఆ దారి చివర బంతిని అందుకునే పెద్ద మనిషి కూడా వాళ్లకు ఉన్నాడు.

హైదరాబాద్ ఫాల్కన్స్ పేరుతో ఒక జట్టు 2025లో భారతీయ లీగ్ ఐ.ఎన్.బి.ఎల్. ప్రో అండర్-25లో ఆడింది. ఆ లీగ్ జట్లలో విదేశీయులూ ఉన్నారు. మన జట్లను చూసేటప్పుడు కూడా కొరియా లెక్కనో చైనా లెక్కనో అరువు తెచ్చుకోకుండా, మన కుర్రాళ్లలో ఏది లోటో విడిగా లెక్కించాలి.

మూడో మెట్టు: ఒకే చోటు ఉంటే ముందుగా సెంటర్‌ను పరీక్షించండి

ఒక్క విదేశీయుడే కోర్టు మీద ఉండే లీగ్‌లో, స్థానికులు పొట్టిగా ఉన్నప్పుడు, నా మొదటి ఎంపిక సెంటర్ లేదా సెంటర్‌గా ఆడగల పవర్ ఫార్వర్డ్. దీనికి కారణం ఆట నియమాలలోనే ఉంది. అంతర్జాతీయ నియమాలలో, ఎన్.బి.ఎ.లో మాదిరిగా రక్షణ చేసే ఆటగాడు రింగు ముందు మూడు సెకన్లకు మించి నిలబడకూడదన్న నిషేధం లేదు. అందువల్ల పొడవైన మనిషి అక్కడే కాపు కాసి, లోపలికి దూసుకొచ్చే ప్రతి గార్డును ఆలోచనలో పడేయగలడు. దాడిలో దక్కిన రీబౌండ్ (రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతి) జట్టుకు మళ్లీ ప్రయత్నించడానికి మరో 14 సెకన్లు ఇస్తుంది. ఈ రెండు పనులూ బంతి అతని చేతిలో లేకపోయినా జరుగుతాయి కాబట్టి, అతను స్థానిక గార్డుల ఆటను మింగేయడు, దానికి ఊతమిస్తాడు.

సియోల్ ఎస్.కె. నైట్స్ జట్టును చూడండి. 2019లో వచ్చిన విదేశీ సెంటర్ జమీల్ వార్నీ స్క్రీన్ పెట్టి (సహచరుడి వెంట పడే రక్షకుడికి అడ్డు నిలిచి), లోపలికి తిరిగి, చేతులు చాచిన రక్షకుడి మీదుగా బంతిని మెత్తగా తేలవేస్తాడు. అతనితో ఈ పిక్ అండ్ రోల్ ఎత్తుగడ ఆడిన స్థానిక గార్డు కిమ్ సన్-హ్యుంగ్ వేగం రెట్టింపైనట్టు కనిపించింది. 2021-22లో ఆ జట్టు రెగ్యులర్ సీజన్‌లోనూ, ఛాంపియన్‌షిప్‌లోనూ గెలిచింది. విదేశీ సెంటర్, స్థానిక గార్డు ఒకరి బలాన్ని మరొకరు పెంచుకున్న ఉదాహరణగా నేను ముందు దీన్నే చెబుతాను.

అయితే పొడవు ఒక్కటే చాలదు. త్రీ పాయింట్ గీత దాకా వచ్చి చిన్న గార్డును అడ్డుకోగల పాదాల కదలిక ఉందా, ఇద్దరు చుట్టుముట్టినప్పుడు ఖాళీగా ఉన్నవాడిని చూసి బంతి ఇవ్వగలడా, ఫ్రీ త్రోలు వేయగలడా, నలభై నిమిషాల ఆటలో అయిదు ఫౌళ్లకు బయటికి పోకుండా ఉండగలడా అన్నవి చూడాలి. వీటిలో పాదాల కదలికనే నేను ముందు చూస్తాను. అది లేని సెంటర్‌ను ప్రత్యర్థి ప్రతిసారీ బయటికి లాగి అలసటకు గురిచేస్తాడు.

నాలుగో మెట్టు: పెద్దవాళ్లు ముందే ఉంటే ఫార్వర్డ్ వైపు తిరగండి

జట్టులో నమ్మదగిన స్థానిక సెంటర్ ఉన్నా, ఎత్తు పరిమితి అడ్డుపడినా, స్మాల్ ఫార్వర్డ్ (లోపలా బయటా ఆడేవాడి) స్థానం మేలు. జస్టిన్ బ్రౌన్లీ ఇందుకు తిరుగులేని ఉదాహరణ. సుమారు 6 అడుగుల 5 అంగుళాల బ్రౌన్లీ 2016 గవర్నర్స్ కప్‌లో బరంగై హినెబ్రా జట్టులోకి వచ్చి, మెరాల్కోతో ఫైనల్‌లో చివరి క్షణపు త్రీ పాయింటర్‌తో టైటిల్ కోసం ఆ జట్టు ఎనిమిదేళ్ల నిరీక్షణకు తెర దించాడు. 206 సెం.మీ. జఫెత్ అగ్యిలార్ రింగు దగ్గర ఉండగా, బ్రౌన్లీ బయట ఆడగలిగాడు, లోపల రీబౌండ్ పట్టగలిగాడు, అవసరమైతే బంతి నడపగలిగాడు. 2023 జనవరిలో అతను ఫిలిప్పీన్స్ పౌరుడయ్యాడు. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆ దేశం 1962 తరవాత తొలిసారి బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు.

అయిదో మెట్టు: గార్డు కావాలనిపిస్తే మరో తలుపు ఉందేమో చూడండి

పాయింట్ గార్డ్ జట్టుకు గొంతు వంటివాడు. కోచ్ మాటను క్షణంలో అర్థం చేసుకుని నలుగురికీ అందించాలి. భాష రాని, ఆలస్యంగా జట్టులో చేరిన మనిషికి అది కష్టం. దానికి తోడు, కొన్ని లీగ్‌లలో గార్డును విదేశీ చోటు ఖర్చు చేయకుండానే తెచ్చుకోవచ్చు. కె.బి.ఎల్. ఆసియా కోటాను (ఆసియా ఆటగాళ్లకు విడిగా ఇచ్చే చోటును) 2020లో జపాన్ ఆటగాళ్లకు, 2022లో ఫిలిప్పీన్స్ ఆటగాళ్లకు తెరిచింది. ఆ దారిలో వచ్చిన ఆర్.జె. అబారియెంటోస్ 2022-23లో ఉత్తమ నూతన ఆటగాడయ్యాడు, వొంజు డి.బి. గార్డు ఈథన్ అల్వానో 2023-24లో దేశీయ ఆటగాళ్ల విభాగంలో అత్యంత విలువైన ఆటగాడిగా నిలిచాడు. ఇటువంటి కోటా ఉన్నచోట గార్డును దాని ద్వారా, సెంటర్‌ను విదేశీ చోటు ద్వారా తీసుకోవడం వివేకం.

కేవలం షూటింగ్ గార్డ్ (బయటి నుంచి పాయింట్లు కొట్టేవాడి) కోసం ఉన్న ఒక్క చోటునూ ఖర్చు చేయమని నేను చెప్పను. 2017లో చైనా లీగ్‌లో షాంఘై తరఫున జిమ్మర్ ఫ్రెడెట్ ఒకే మ్యాచ్‌లో 73 పాయింట్లు కొట్టాడు. రెండు ఓవర్‌టైమ్‌ల దాకా సాగిన ఆ మ్యాచ్‌ను అతని జట్టు ఓడిపోయింది. అతను గొప్ప ఆటగాడే, ఆ సీజన్ కూడా అతనిదే. అయినా ఒక షూటర్ చేతిలో అన్ని పాయింట్లున్నా రింగు దగ్గరి లోటు లోటుగానే ఉంటుంది.

ఆరో మెట్టు: రెండో మనిషిని మొదటివాడికి తగినట్టు ఎంచుకోండి

ఇద్దరిలో ఒక్కరే ఆడే చోట, రెండోవాడు మొదటివాడి పనినే చేయగలిగి ఉండాలి, ఆడే తీరు మాత్రం వేరుగా ఉండాలి. మొదటివాడు లోపల బలంగా ఆడే సెంటర్ అయితే, రెండోవాడు బయటినుంచి వేయగల పొడగరి అయితే మంచిది. అప్పుడు మొదటివాడు ఫౌళ్లతో కూర్చున్నా రక్షణ కూలదు, ప్రత్యర్థికి కొత్త సమస్య ఎదురవుతుంది. ఇద్దరూ కలిసి ఆడే చోట మాత్రం మార్‌బరీ, మోరిస్ మాదిరిగా ఒకరు దారి తీసేవాడు, మరొకరు ముగించేవాడు కావాలి. 2018లో జపాన్ పౌరసత్వం పొందిన నిక్ ఫజెకస్ వంటి పొడవైన ఆటగాడు ఉన్న జట్టు అయితే, ముందు అతన్ని లెక్కలో వేసుకుని ఆ తరవాతే విదేశీ చోట్ల సంగతి తేల్చాలి.

చివరి మెట్టు: సంతకానికి ముందు, తరవాత

ఎంపిక చేసిన స్థానానికి ముగ్గురి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరివి కనీసం అయిదు పూర్తి మ్యాచ్‌లు చూడండి. అందులో రెండు వాళ్లు ఓడినవి కావాలి. మెరుపుల వీడియోలలో పాదాల అలసట కనిపించదు. చివరి అయిదు నిమిషాలలో, బంతి తన దగ్గర లేనప్పుడు అతను ఏం చేస్తున్నాడో రాసుకోండి. ఎత్తు పరిమితి ఉన్న లీగ్ అయితే బూట్లు లేకుండా కొలిచిన ఎత్తునే నమ్మండి.

అతను వచ్చాక మొదటి పది మ్యాచ్‌లలో అతని పాయింట్లను పక్కన పెట్టి, అతను కోర్టు మీద ఉన్న నిమిషాలలో జట్టు ఎన్ని పాయింట్లు చేసింది, ఎన్ని ఇచ్చింది, అతను కూర్చున్నప్పుడు ఆ రెండూ ఎలా మారాయి అన్నది వేరు వేరుగా రాయండి. ఆ తేడా కనిపించకపోతే, అతని స్థానంలో అదే తరహా మరొకరిని తెచ్చే ముందు రెండో మెట్టుకు తిరిగి వెళ్లి, ఎంచుకున్న స్థానమే తప్పేమో మళ్లీ లెక్కించండి.