ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలకు ఇంటి దగ్గర తోడ్పడటం ఎలా

విశాఖపట్నంలో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లల ఇళ్లలో, ముఖ్యంగా జాలరిపేట, కంచరపాలెం వంటి చోట్ల, ఇంగ్లీషు పాఠం చదివి చెప్పగలిగిన పెద్దవారు లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి తల్లిదండ్రులు మాకేం తెలుసునని చేతులెత్తేయడం సహజమే గాని, అందులో పొరపాటు ఉంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని తల్లి కూడా చేయగలిగిన పని ఒకటుంది, అది తెలుగులోనే జరుగుతుంది.

ముందుగా పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవాలి. పిల్లల చదువు స్థాయిని కొలవడానికి 2005 నుంచి ప్రథమ్ సంస్థ చేస్తున్న అసర్ సర్వేలో ఇంగ్లీషు పరీక్షకు వాడిన మెట్లు ఇందుకు పనికివస్తాయి: పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు, చిన్న పదాలు, తేలిక వాక్యాలు. ఒక కాగితం మీద ఈ నాలుగూ రాయించి, పొరుగున ఉన్న కాలేజీ పిల్లనో పిల్లాడినో పక్కన కూర్చోబెట్టుకుని మీ పిల్ల చేత చదివించండి. చదివిన వాక్యానికి అర్థం తెలుగులో చెప్పమనడం మాత్రం మరవకూడదు, ఎందుకంటే గడగడా చదివేసి ఒక్క మాటకూ అర్థం తెలియని పిల్లలను మనం తెలివైనవాళ్లనుకుని వదిలేస్తుంటాం.

అక్షరాలు వచ్చిన పిల్లకు అసలైన సాధనం బడి సంచిలోనే ఉంది. మన రాష్ట్రంలో ఇచ్చే ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, దాని ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటాయి. చాలా ఇళ్లలో తెలుగు పేజీని పరీక్ష ముందు రోజు మాత్రమే తెరుస్తారు. దాన్ని ముందే తెరవాలి. రేపు బడిలో చెప్పబోయే పాఠాన్ని ఈ రాత్రి తెలుగులో చదివించి, పుస్తకం మూయించి, ఏం తెలిసిందో సొంత మాటల్లో చెప్పించుకోండి. మొక్కకు ఆకు ఆహారం ఎలా తయారుచేస్తుందో పిల్ల వంటింట్లో అమ్మకు చెప్పగలిగితే, మర్నాడు తరగతిలో టీచరు ఇంగ్లీషులో చెప్పేటప్పుడు వెతుక్కోవలసింది మాటల కోసమే, విషయం కోసం కాదు. బడి నుంచి వచ్చాక ఇంగ్లీషు పేజీలో ఐదారు ముఖ్యమైన మాటల కింద గీత గీయించి, ఎదుటి పేజీలో వాటికి సరిపోయే తెలుగు మాటలను పిల్ల చేతనే వెతికించండి. రోజుకు ఇరవై మాటలు బట్టీ పట్టించే పద్ధతిని నేనూ ఒకప్పుడు సాయంత్రం పాఠాల్లో నడిపాను. వారం తిరిగేసరికి నాలుగు కూడా మిగల్లేదు.

ఉచ్చారణ విషయంలో తొందర వద్దు. తెలుగులో రాసిందే చదువుతాం. ఇంగ్లీషులో ‘సి’ అక్షరం ‘క్యాట్’లో ఒకలా, ‘సిటీ’లో మరోలా పలుకుతుంది. ఇరవై ఆరు అక్షరాలతో నలభైకి పైగా ధ్వనులను నెట్టుకురావాల్సిన భాష అది. పదం మీద తెలుగులో ఉచ్చారణ రాసుకోవడం తప్పేమీ కాదు గాని పెన్సిలుతో రాసుకుని, మాట పట్టుబడగానే చెరిపేయాలి. ‘ఇస్కూలు’ అన్న పిల్లను ఎగతాళి చేయకుండా, మన జవాబులో ‘స్కూల్’ అని మామూలుగా పలికితే చాలు.

వాక్యం దగ్గర వచ్చే చిక్కు వేరు. తెలుగులో క్రియ చివర వస్తుంది కనుక పిల్ల ‘ఐ రైస్ ఈట్’ అంటుంది. ‘మీద’, ‘లో’ వంటివి మనకు పేరు తరువాత వస్తే ఇంగ్లీషులో ‘ఆన్’, ‘ఇన్’ ముందు వస్తాయి. మూడు నాలుగు కాగితపు ముక్కల మీద మాటలు రాసి, నేల మీద అటూ ఇటూ జరిపించి వాక్యం పేర్పించండి. వ్యాకరణ సూత్రం పది సార్లు చెప్పినదానికంటే చేతితో జరిపినది బాగా నిలుస్తుంది.

ఊరు కూడా పుస్తకమే. ఫిషింగ్ హార్బరులో పెరిగిన పిల్లకు బోటు, ఇంజను, డీజిలు, ఐసు పుట్టుకతో వచ్చిన మాటలు. వాటి స్పెల్లింగులతోనే మొదలుపెట్టవచ్చు. రైల్వే స్టేషను పేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో కనిపిస్తుంది. అటు వెళ్లినప్పుడు మూడింటినీ పోల్చి చదివించండి. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో తెరిస్తే పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి, ఫోను అరగంట ఇస్తే చాలు.

బడిలో అడగవలసినవీ ఉన్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. అదే చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే, సగం మంది మహిళలే ఉండాలి. కాబట్టి కొత్త పాఠం సారాన్ని ముందుగా తెలుగులో చెప్పమని కమిటీ సమావేశంలో అడగడం టీచరును తప్పుపట్టడం కాదు. ఒడియానో హిందీయో మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు తెలుగు పేజీ కూడా పరాయిదే కనుక, వారి సంగతి విడిగా చెప్పాలి. నెల తరువాత మొదటి కాగితాన్నే మళ్లీ చదివించి, పిల్ల అదే మెట్టు మీద ఉంటే ఆ కాగితం తీసుకుని టీచరును కలవండి.