శిశు ఫార్ములా (పసిపిల్లల పాలపొడి) పరీక్షకు డబ్బా తెరిచే ముందు జాగ్రత్తలు

మూత తీశాక సరిదిద్దలేని తప్పులే ఎక్కువ. అందుకే ఇవన్నీ ముందే చూసుకోండి.

• బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఏ వయసు పిల్లలకో రాసుకోండి. ఏడాది దాటిన పిల్లల పానీయాలను శిశు ఫార్ములా పరిమితులతో కొలవకూడదు. వాటిలో కలిపిన చక్కెరను విడిగా చూడాలి.

• సీలు వదులైనా, డబ్బా సొట్టపడినా ఫొటో తీసి నమోదు చేయండి.

• సూక్ష్మజీవుల పరీక్షకు నమూనా అన్నిటికంటే ముందు తీయాలి. పాలపొడి స్టెరైల్ (సూక్ష్మజీవులు అసలే లేనిది) కాదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్ ప్రకారం క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాకు 10 గ్రాముల చొప్పున 30, సాల్మొనెల్లాకు 25 గ్రాముల చొప్పున 60 నమూనాలు కావాలి. ఒక్కదానిలోనూ అవి కనిపించకూడదు. ఈ బ్యాక్టీరియా పొడి అంతటా సమంగా పరుచుకోదు, అక్కడక్కడా ఉంటుంది. ఒక్క డబ్బా చూసి బ్యాచ్ మొత్తం బాగుందని రాస్తే పసిబిడ్డ ప్రాణాన్ని పణంగా పెట్టినట్టే.

• మూత అంచును 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి తగిలితే పొడి ఉండకట్టి, తేమ లెక్క తప్పుతుంది.

• సీసం, కాడ్మియం పరీక్షకు లోహపు చెంచా వద్దు. నైట్రిక్ యాసిడ్‌తో కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ చెంచా, సీసా వాడండి.

• రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2), విటమిన్ ఎ వెలుతురుకు, విటమిన్ సి గాలికి పాడవుతాయి. ముదురు రంగు సీసాలు ముందే సిద్ధం చేసి, నమూనాను నిండుగా నింపి బిగించండి.