ఎస్‌టీఎమ్-1లో ఈ1లు ఎన్ని పడతాయి? ఆప్టికల్ వేగాలను పాత టెలికాం వేగాల్లోకి మార్చడం ఎలా?

ఆప్టికల్ లింకు ఎస్‌టీఎమ్-1 వేగం 155.52 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు), పాత టెలికాం లైను ఈ1 వేగం 2.048. 155.52ను 2.048తో భాగిస్తే 75.9 వస్తుంది. కానీ ఎస్‌టీఎమ్-1 లింకులో పట్టే ఈ1లు 63 మాత్రమే. కాలిక్యులేటర్‌ను నమ్మి 70 ఈ1లకు ప్లాన్ వేస్తే ఏడింటికి చోటుండదు. ఎక్కడ గుణకారం, భాగహారం చాలో, ఎక్కడ గళ్లు లెక్కపెట్టాలో తెలియాలి.

దశ 1: 64 కేబీపీఎస్ నుంచి మొదలుపెట్టండి

డిజిటల్ టెలిఫోనీలో మాటను సెకనుకు 8,000 సార్లు శాంపిల్ చేసి, ఒక్కో శాంపిల్‌ను 8 బిట్లుగా పంపుతారు. అంటే సెకనుకు 64,000 బిట్లు, 64 కేబీపీఎస్. దీన్నే డీఎస్0 అంటారు. భారత్‌లో, యూరప్‌లో వాడే ఈ1లో ఇలాంటి టైమ్‌స్లాట్లు 32 ఉంటాయి: 32 × 64 = 2,048 కేబీపీఎస్. పీఆర్ఐ (ఒకే లైను మీద చాలా కాల్స్ నడిపే కనెక్షన్) లైనులో 0వ స్లాట్ ఫ్రేమింగ్‌కు (ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో గుర్తించడానికి), 16వది సిగ్నలింగ్‌కు (కాల్ కలపడానికి, తెంచడానికి) పోగా కాల్స్‌కు మిగిలేవి 30.

అమెరికా టీ1లో 24 స్లాట్లే. 24 × 64 = 1,536; ఫ్రేమింగ్‌కు ఇంకో 8 కలిపితే 1,544 కేబీపీఎస్. అక్కడి పీఆర్ఐలో సిగ్నలింగ్‌కు ఒకటి పోగా కాల్స్‌కు 23 ఛానెళ్లే దొరుకుతాయి. హైదరాబాద్ నుంచి అమెరికా సర్క్యూట్లు చూసేవాళ్లు ఈ1 బదులు టీ1 అని రాసేసుకుంటే ఏడు ఛానెళ్లు తగ్గుతాయి.

పై మెట్లు ఇవి:

ఈ3: 34.368 ఎంబీపీఎస్, 16 ఈ1లు
ఈ4: 139.264 ఎంబీపీఎస్, 64 ఈ1లు
డీఎస్3: 44.736 ఎంబీపీఎస్, 28 టీ1లు

16 × 2.048 = 32.768 కదా, ఈ3 34.368 ఎందుకైంది? ఒక్కో ఈ1 గడియారం ఒక్కోలా కాస్త ముందూ వెనకా నడుస్తుంది. ఆ తేడాను సర్దే బిట్లకు, ఫ్రేమింగ్‌కు ఆ అదనం కావాలి. పాత వరుసలో ఈ1, టీ1లకు పైన ఏ మెట్టూ కింది మెట్టుకు సరైన గుణిజం కాకపోవడానికి కారణం ఇదే.

దశ 2: ఓసీని ఎస్‌టీఎమ్‌గా మార్చండి

ఆప్టికల్ వేగాలకు అమెరికా పద్ధతిలో ఓసీ అని, మన పద్ధతిలో ఎస్‌టీఎమ్ అని పేరు. ఆప్టికల్ వైపు ఇది సులువు. ఓసీ సంఖ్యను 51.84తో గుణిస్తే ఎంబీపీఎస్ వస్తుంది. అదే సంఖ్యను 3తో భాగిస్తే ఎస్‌టీఎమ్ సంఖ్య. ఓసీ-48 అంటే ఎస్‌టీఎమ్-16, అంటే 2,488.32 ఎంబీపీఎస్. ఓసీ-192 అంటే ఎస్‌టీఎమ్-64, అంటే 9,953.28. వీటినే వాడుకలో 2.5జీ, 10జీ అంటారు. బిల్లింగ్‌కు ఆ అంకెలు చాలు, ప్లానింగ్‌కు చాలవు.

దశ 3: గళ్లు లెక్కపెట్టండి

ఎస్‌టీఎమ్-1 ఫ్రేము 270 నిలువు వరుసలు, 9 అడ్డు వరుసలు. ఒక్కో గడిలో ఒక బైటు, సెకనుకు 8,000 ఫ్రేములు. తొమ్మిది నిలువు వరుసలు ఓవర్‌హెడ్‌కు (లింకు నిర్వహణ సమాచారానికి), ఒకటి పాత్ ఓవర్‌హెడ్‌కు (ఈ చివర నుంచి ఆ చివరకు దారిని గమనించే సమాచారానికి) పోగా 260 మిగులుతాయి. అదే 149.76 ఎంబీపీఎస్ పేలోడ్, అంటే అసలు డేటాకు దొరికే చోటు.

ఈ పేలోడ్‌ను మూడు టీయూజీ-3లు అనే పెద్ద భాగాలుగా, ఒక్కోదాన్ని ఏడు టీయూజీ-2లుగా, ఒక్కో టీయూజీ-2ను మూడు టీయూ-12లుగా విడగొడతారు. ఒక్కో టీయూ-12లో ఒక ఈ1 పడుతుంది. 3 × 7 × 3 = 63. ఒక్కో టీయూ-12కు పాయింటరుతో (లోపలి డేటా ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తుతో) సహా 2.304 ఎంబీపీఎస్ కేటాయింపు ఉంటుంది. లోపల ఈ1 2.048కే నడుస్తుంది.

డీఎస్3 గానీ ఈ3 గానీ ఒక టీయూజీ-3ను మొత్తంగా తీసుకుంటుంది, అంటే 21 ఈ1ల చోటు. ఈ3లో ఉండేవి 16 ఈ1లే కనుక, దాన్ని విప్పకుండా ఎక్కిస్తే అయిదింటి చోటు వృథా. టీ1లయితే టీయూజీ-2కు నాలుగు చొప్పున 84 పడతాయి.

ఉదాహరణకు ఒక డీఎస్3, 45 ఈ1లు కావాలి. 63 − 21 = 42. మూడు మిగిలిపోయాయి కాబట్టి రెండో ఎస్‌టీఎమ్-1 తప్పదు.

ఇక్కడే తరచూ ఇంకో చిక్కు వస్తుంది. 40 ఈ1ల చోటు ఖాళీగా కనిపిస్తున్నా డీఎస్3 ఎక్కదు. పాత ఈ1లు మూడు టీయూజీ-3ల్లోనూ చెల్లాచెదురుగా ఉంటే పూర్తిగా ఖాళీ అయిన టీయూజీ-3 ఒక్కటీ ఉండదు. ఈ1లను సర్ది ఒకదాన్ని ఖాళీ చేయాలి. అలా కదిపేటప్పుడు సర్వీసు కాసేపు ఆగవచ్చు. అందుకే ఈ1లను మొదటి నుంచీ ఒకే టీయూజీ-3లో నింపుకుంటూ రావడం మేలు.

దశ 4: నంబరు కాదు, కే-ఎల్-ఎమ్ చూడండి

కే అంటే టీయూజీ-3 నంబరు, ఎల్ అంటే అందులోని టీయూజీ-2 నంబరు, ఎమ్ అంటే టీయూ-12 నంబరు. రెండు వైపులా వేర్వేరు కంపెనీల పరికరాలుంటే 6వ ఈ1 అన్న మాటకు అర్థం మారవచ్చు. కొన్ని పరికరాలు వరుసగా 21(కే−1) + 3(ఎల్−1) + ఎమ్ అని లెక్కిస్తాయి. జీ.707 (అంతర్జాతీయ టెలికాం ప్రమాణం) పద్ధతిలో అది కే + 3(ఎల్−1) + 21(ఎమ్−1). కే=1, ఎల్=2, ఎమ్=3 అయితే మొదటి లెక్కలో 6, రెండో లెక్కలో 46. క్రాస్ కనెక్ట్ (పరికరంలో ఒక ఈ1ను ఇంకో దారికి కలపడం) ఇచ్చేముందు కే-ఎల్-ఎమ్ విలువలే అడిగి రాసుకోండి.

దశ 5: ఈథర్నెట్‌ను సరిపోల్చండి

ఒక ఎస్‌టీఎమ్-1 పేలోడ్‌ను మోసే పెట్టెను వీసీ-4 అంటారు. 1 జీబీపీఎస్ ఈథర్నెట్‌కు ఆరు వీసీ-4లు చాలవు (898.56 ఎంబీపీఎస్), ఏడు కావాలి (1,048.32). ఎస్‌టీఎమ్-16లోని పదహారింటిలో అలాంటి లింకులు రెండే పూర్తిగా పడతాయి.

మామూలు 10జీ ఈథర్నెట్ లైన్ రేటు 10.3125 జీబీపీఎస్. ఎస్‌టీఎమ్-64లో అది పట్టదు, పోర్టును 9.953 మీద నడిచే వ్యాన్ మోడ్‌లో పెట్టాలి, లేదా 11.096 జీబీపీఎస్ ఉన్న ఓటీయూ2ఈ అనే ఆప్టికల్ రవాణా ఫ్రేము మీద పంపాలి.

ఫైలు డౌన్‌లోడ్ వేగానికి బిట్లను 8తో భాగించండి: ఒక ఈ1 మీద సెకనుకు గరిష్ఠంగా 256 కిలోబైట్లు, ఫ్రేమింగ్ స్లాట్ తీసేస్తే 248. లైన్ వేగాల్లో కిలో అంటే 1,000, 1,024తో లెక్కించకండి.