డెస్క్‌టాప్‌తో విదేశీ పోస్టింగ్‌కి వెళ్తున్నారా? ముందు స్టిక్కర్ చదవండి

రెండు మూడేళ్ల పోస్టింగ్ మీద విదేశం వెళ్తూ ఇంట్లో వాడే డెస్క్‌టాప్ కూడా పట్టుకెళ్దామనుకునేవాళ్లకి మొదట వచ్చే భయం, అక్కడి కరెంటుకి కాలిపోతుందేమోనని. సరైన ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల ఉండి గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) ఉంటే కంప్యూటర్‌కి ఏమీ కాదు. తంటా అంతా దాని చుట్టూ ఉండేవాటితోనే: వైర్లు, స్పైక్ బోర్డు, యూపీఎస్, వైఫై రౌటర్, ఆఖరికి మన ఇండియా సిమ్ము.

క్యాబినెట్ పక్క పలక విప్పి ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చూడండి. ఇన్‌పుట్ అన్న వరసలో 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఎక్కడైనా నడుస్తుంది. జపాన్‌లో టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. సౌదీలో 230 వోల్టులే అయినా 60 హెర్ట్జ్. ఆ తేడాలు దానికి లెక్కలోకి రావు. స్టిక్కర్ మీద 200–240 అని మాత్రమే ఉంటే జర్మనీ, బ్రిటన్, సింగపూర్, దుబాయ్‌లకి పర్లేదు. 120 వోల్టుల అమెరికాలో, 100 వోల్టుల జపాన్‌లో పనికిరాదు. కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ గుర్తు చూసి ధీమాగా ఉండొద్దు. చవక రకాల్లో ‘230 వోల్ట్ ఈయూ’ అని రాసి ఉన్నవి చాలావరకు 200–240 రకమే. అలాంటిదైతే బయల్దేరేముందే మార్చేయండి. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్లడం కన్నా కొత్త ఎస్‌ఎంపీఎస్ నయం.

పాత ఎస్‌ఎంపీఎస్‌లకి వెనకవైపు 115/230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 230 దగ్గర ఉండగా అమెరికా సాకెట్‌లో పెడితే మెషీన్ లేవదు, అంతే. 115 దగ్గర ఉండగా మన 230 సాకెట్‌లో పెట్టారో, లోపలి సర్క్యూట్ వోల్టేజీని రెట్టింపు చేసి కెపాసిటర్లను పేల్చేస్తుంది. అంటే ఈ స్విచ్‌తో అసలు గండం వెళ్లేటప్పుడు కాదు, తిరిగొచ్చి ఇంట్లో ప్లగ్గు పెట్టే రోజున. అమెరికాలో కొన్న స్పైక్ బోర్డు కథా ఇదే. దానిలోని రక్షణ భాగం 120 వోల్టుల లెక్కకి చేసింది, 230 తగలగానే మాడిపోతుంది.

వోల్టేజీ తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయి. గోడ దగ్గర 460 వాట్లు లాగే గేమింగ్ పీసీ హైదరాబాద్‌లో 2 ఆంపియర్లు తీసుకుంటే, టోక్యోలో 4.6 తీసుకుంటుంది. జపాన్ ఎక్స్‌టెన్షన్ బోర్డుల హద్దు మామూలుగా మొత్తం కలిపి 1500 వాట్లు. పీసీ ఉన్న బోర్డుకే 1200 వాట్ల కెటిల్ తగిలిస్తే 1660 అయింది. బోర్డు వేడెక్కకూడదంటే కెటిల్‌ని వేరే సాకెట్‌కి మార్చాల్సిందే.

కేబుల్ సంగతి. ఎస్‌ఎంపీఎస్‌లోకి దూరే కొస దాదాపు అన్ని దేశాల్లో ఒకటే. గోడలోకి వెళ్లే కొసే మారుతుంది. అందుకని ట్రావెల్ అడాప్టర్ జోలికి పోకుండా, దిగిన ఊళ్లోనే అక్కడి త్రీ పిన్ పవర్ కేబుల్ కొనుక్కోండి. ట్రావెల్ అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు. ఎర్త్ లేనప్పుడు ఏమవుతుందంటే, ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లోని రెండు చిన్న కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ రేకు మీదికి మెయిన్స్‌లో సగం వోల్టేజీ వచ్చి కూర్చుంటుంది. చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి వెనక స్క్రూ ముట్టుకుంటే చేతికి చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతుంది. కరెంటు బాగా తక్కువ కాబట్టి మనిషికి ప్రమాదం కాదుగానీ, ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ వైరు తగిలిస్తే పోర్టు పోయే అవకాశం ఉంది. జపాన్ ఇళ్లలో చాలా సాకెట్లు టూ పిన్నే. అక్కడి కేబుల్‌కి బయటికి వేలాడే ఆకుపచ్చ వైరు ఎర్త్, సాకెట్ కింద ఎర్త్ స్క్రూ ఉంటే దానికి బిగించాలి. గల్ఫ్‌లో, బ్రిటన్‌లో పై రంధ్రంలో పెన్ను గుచ్చి మూత తెరిచి మన టూ పిన్ దూర్చే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. అలా చేస్తే ఎర్తూ ఉండదు, ప్లగ్గులో ఉండాల్సిన ఫ్యూజూ ఉండదు, పైగా పిన్ను వదులుగా ఆడుతూ నిప్పురవ్వలు రాలుస్తుంది.

అమెరికా, జపాన్ వెళ్లేవాళ్లు యూపీఎస్‌ని, లేజర్ ప్రింటర్‌ని ఇంట్లోనే వదిలేయండి. మన యూపీఎస్‌కి 120 వోల్టులు కరెంటు పోయినట్టే లెక్క, బ్యాటరీ మీదే నడిచి ఆగిపోతుంది. ప్రింటర్‌లో టోనర్‌ని కరిగించే హీటర్ 230కి చేసింది.

సర్దేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు, పెద్ద కూలర్ విప్పేయండి. వాటి బరువుకి కుదుపుల్లో స్లాటు, బోర్డు విరుగుతాయి. ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ చేతి సంచిలో పెట్టుకోండి. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు కూడా చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్ల లోపు. ఇంతకన్నా ముఖ్యం, విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకోవడం. భాగాలు విప్పి బిగించినా, బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే ప్రోగ్రాం) సెట్టింగులు మారినా అది నీలం తెర చూపించి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంట్ ఓటీపీ ఇండియా నంబరుకి పంపుతుంది, ఆ నంబరేమో రోమింగ్ లేకపోతే అక్కడ పనిచేయదు. బయల్దేరేముందే కీని కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పెట్టుకోండి. గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లు కూడా అదే కాగితం మీద.

సిమ్‌కి అంతర్జాతీయ రోమింగ్‌ని ఇండియాలో ఉండగానే ఆన్ చేయించుకోండి, అక్కడికెళ్లాక చేద్దామంటే దానికీ ఓటీపీయే. డేటా రోమింగ్ ఆపేసి, రెండో స్లాటులో అక్కడి సిమ్ వేసుకోండి. వ్యాలిడిటీ రీచార్జి మానొద్దు. నంబరు మూతపడి ఇంకొకరికి వెళ్తే బ్యాంకు ఓటీపీలన్నీ వాళ్లకే.

ఇంటర్నెట్ కనెక్షన్‌కి జపాన్, జర్మనీల్లో వారాలు పట్టడం మామూలే. అప్పటిదాకా మొబైల్ డేటాతో నెట్టుకురావాలి. జర్మనీలో మొదటి కాంట్రాక్టు 24 నెలల దాకా ఉండొచ్చు, పోస్టింగ్ ఏడాదే అయితే నెలనెలా రద్దు చేసుకునేది అడగండి. అమెరికా కేబుల్ కనెక్షన్‌కి మోడెమ్ వాళ్ల జాబితాలో ఉన్నదే కావాలి, వెనక రౌటర్ మనది పెట్టుకోవచ్చు. జపాన్ ఫైబర్‌లో మాత్రం మన రౌటర్ తరచూ చిక్కు పెడుతుంది. అక్కడి కొత్త ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాల) పద్ధతులు దానికి తెలియక, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పాత పీపీపీఓఈ దారిలో పోయి, రాత్రిపూట నత్తనడక నడుస్తుంది. రౌటర్ అక్కడే కొనుక్కోండి.

2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఇండియాలో 13 దాకా ఛానెళ్లు వాడతాం, అమెరికాలో 11తో సరి. మన రౌటర్ 12 మీదో 13 మీదో ఉంటే అక్కడ కొన్న ఫోనుకి మీ వైఫై పేరే కనిపించదు. 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టండి.

యూఏఈలో వాట్సాప్ మెసేజీలు పోతాయి, కాల్స్ కలవవు. దాన్ని తప్పించుకోవడానికి వీపీఎన్ వేయొద్దు. ఆఫీసు పనికి వాడితే తప్పు లేదుగానీ, నిషేధించినదానికి వాడితే చట్టంలో 5 లక్షల దిర్హామ్‌ల నుంచి జరిమానా ఉంది. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే దారి. బయల్దేరేముందే అమ్మానాన్నల ఫోన్లలో కూడా అది వేసి, పక్క గదిలోంచి ఒకసారి కాల్ చేసి, ఏ బటన్ నొక్కితే ఎత్తినట్టో వాళ్లకి చూపించండి.