ఇంటి లోపలి అలంకరణ – 4వ పాఠం: పాలరాయి నేల

గత పాఠంలో హాలు కొలతలు, కిటికీల దిక్కులు, తలుపుల వెడల్పులు కాగితం మీద వేసుకున్నాం. రాయి కొట్టుకు వెళ్లేటప్పుడు ఆ కాగితం వెంట ఉండాలి. అక్కడి దీపాల కింద ఏ పలకైనా బాగానే ఉంటుంది.

ముందు రాయి స్వభావం. తాజ్‌మహల్‌కు వాడిన మక్రానా రాయైనా, మైకెలాంజెలో డేవిడ్ విగ్రహాన్ని చెక్కిన ఇటలీ కరారా రాయైనా ప్రధానంగా కాల్సైటే, అంటే కాల్షియం కార్బొనేట్. మోస్ గట్టిదనపు కొలతలో దాని అంకె 3. ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. చెప్పులకు అంటుకొచ్చిన ఇసుకే మెరుపును గీకేస్తుంది కాబట్టి గుమ్మం బయట మంచి పట్టా ఒకటి వేయాలి. పులుపు ఇంకా ప్రమాదం. చింతపండు రసం, నిమ్మ, పెరుగు పడినచోట కనిపించే తెల్లమచ్చ మరక కాదు, రాయే కరిగిన గుర్తు. తుడిస్తే పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. రోజూ పులుసు కాగే ఇంట్లో వంటగట్టుకు పాలరాయి వేయించడం డబ్బు పారబోసుకోవడమే. అక్కడ నల్ల గ్రానైటు వేయండి. పూజగదిలో పసుపు, కుంకుమ, దీపపు నూనె రాయిలోకి ఇంకుతాయి కనుక అక్కడా అంతే.

కొట్టులో "ఇటాలియన్ మార్బుల్" అనేవన్నీ ఇటలీవి కావు. టర్కీ, స్పెయిన్ రాళ్లు కూడా ఆ పేరుతోనే అమ్ముడవుతాయి. తప్పేమీ లేదు గానీ, రాయి అసలు పేరు, లాట్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. పలకను నిలబెట్టించి, టార్చిలైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి చూస్తే రెసిన్ అనే జిగురుతో పూడ్చిన పగుళ్లు బయటపడతాయి. వేలి కణుపుతో తట్టినప్పుడు ఒకచోట ఖంగుమని, పక్కనే మొద్దుగా మోగితే లోపల చీలిక ఉందని అనుమానించాలి. పాలిష్ లేని వెనకవైపు నాలుగు నీటిచుక్కలు వేసి పావుగంట ఆగండి. చుక్క కింద రాయి ఎంత నల్లబడితే అంత ఎక్కువగా పీలుస్తుందని అర్థం.

ఇప్పుడు లెక్క. హాలు 20 × 15 అడుగులైతే నేల 300 చదరపు అడుగులు. చుట్టుకొలత 70 అడుగుల్లో తలుపులకు 10 తీసేస్తే 60. గోడ అడుగున నాలుగంగుళాల ఎత్తున వేసే రాతిపట్టీకి, అంటే స్కర్టింగుకు మరో 20 చదరపు అడుగులు. మొత్తం 320. రాతిలోని గీతలు పలకకు పలక కలిసేలా కోయాలంటే తరుగు 20 శాతమైనా పోతుంది, కాబట్టి 384. పలక 9 × 5 అడుగులైతే 45 చదరపు అడుగులు, తొమ్మిది పలకలు కావాలి. పదో పలక కూడా అదే లాట్‌లోంచి తీసుకోండి. రేపు ఒకటి పగిలితే ఆ రంగు మళ్లీ దొరకదు. సీతాకోకచిలుక రెక్కల్లా గీతలు ఎదురెదురుగా రావాలంటే ఒకే దిమ్మెలోంచి వరసగా కోసిన జంట పలకలు కావాలి. ఆ జంటలో ఒకదానికి ఒకవైపు, రెండోదానికి ఎదురువైపు పాలిష్ పట్టి ఉండాలి.

18 మిల్లీమీటర్ల మందం పలక చదరపు అడుగుకు సుమారు నాలుగున్నర కిలోలు. అంటే పెద్ద పలక ఒక్కటే 200 కిలోలు. ఎప్పుడూ అంచు మీద నిలబెట్టే మోయాలి, నిలబెట్టే దాచాలి. పడుకోబెట్టి ఎత్తితే మధ్యలో విరుగుతుంది.

పరిచేటప్పుడు మేస్త్రి పక్కన ఉండండి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. కింద ఒకపాలు సిమెంటు, నాలుగుపాళ్లు కడిగిన ఇసుకతో 30–40 మిల్లీమీటర్ల మాలు. పలకను ముందు ఉత్తినే పెట్టి చూసి, ఎత్తి, గుంటలు పూడ్చి, తెల్ల సిమెంటును పాలలా పలచగా కలిపి పోసి కూర్చోబెట్టాలి. రబ్బరు సుత్తితో తట్టి రసమట్టం చూడాలి. లేతరంగు రాయికి మామూలు సిమెంటు పాలు పోస్తే ఆ బూడిదరంగు పైకి కనబడుతుంది. వెనక ఫైబర్ వల అంటించిన పలకకు ఇదీ చాలదు. వల మీద సిమెంటు సరిగా పట్టదు, కొన్నాళ్లకు నేల డొల్లగా మోగుతుంది. దానికి రెసిన్ జిగురు వాడాలి.

పరవగానే ప్లాస్టిక్ పట్టా కప్పే అలవాటుంది. లోపలి తడి బయటికి పోలేదు. రాయిలో ఇనుపఖనిజం ఉంటే తడికి తుప్పుపట్టి పసుపు చారలు తేలతాయి, వాటిని వదిలించడం చాలా కష్టం. మూడు నాలుగు వారాలు ఆరనివ్వండి. వడ్రంగి పని ఉంటే ఆరాకే ప్లాస్టిక్ వేసి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూయించండి. రంగుల వార్తాపత్రికలు మాత్రం పరవొద్దు, సిరా దిగుతుంది.

పాలిష్ చివర్లోనే. 60 నంబరు సానరాయితో మొదలుపెట్టి 120, 220, 400, 800, 1500, 3000 వరకు వరసగా వెళ్లాలి. పలకల ఎగుడుదిగుడు మొదటి కోతలోనే పోవాలి. నంబరు దాటేస్తే కింది గీతలు పైమెరుపులో దొరికిపోతాయి, సాయంత్రం కిటికీ వెలుగులో మరీను.

రంగు సంగతి. బొటిచినో లాంటి గోధుమవన్నె రాయి పక్కన తళతళలాడే తెల్లగోడ వేస్తే నేల మాసినట్టు కనిపిస్తుంది. గోడకు మీగడ రంగు, దీపాలకు 3000 కెల్విన్ పసుపు వెలుగు చాలు. 6500 కెల్విన్ తెల్ల వెలుగు బల్బు ఎంత ఖరీదైన రాయినైనా ఆసుపత్రి నేలలా చూపిస్తుంది.

అభ్యాసం: మీ హాలు కొలతలతో పైన చేసిన లెక్క వేయండి. కొట్టులో అడిగి నచ్చిన రాయి ముక్క ఒకటి తెచ్చుకుని, సగం మీద చింతపండు రసం పూసి గంట తర్వాత కడిగి, రెండు సగాలూ పోల్చి చూడండి. వచ్చే పాఠం టేకు చెక్క, ఇత్తడి పిడులు.