ఒక్క నిమిషమే అనుకుని కారు కిందికి దూరకండి

పోయిన ఆదివారం విజయనగరంలో మా పక్క వీధిలో ఒక పాత బెంజి కారు దాని ఓనరు మీదే పడింది. ఆయన బతికాడు. భుజం ఎముక, మూడు పక్కటెముకలు విరిగాయి. ఇంతకీ ఆయన చెయ్యబోయిన పని ఏమిటంటే, ఇంజిన్ కింది ప్లాస్టిక్ కవరుకి ఊడిపోయిన ఒక క్లిప్పు నొక్కడం. "ఒక్క నిమిషమే, క్లిప్పు నొక్కేసి వచ్చేస్తాను, టీ పెట్టు" అన్నాడట భార్యతో. టీ మరగకముందే చప్పుడైంది.

నేను వెళ్లేసరికి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. నేల చూశాను. వాకిలంతా పార్కింగ్ టైల్సే, వాటి కింద ఇసుక. ముందురోజు సాయంత్రం గట్టి జల్లు పడింది. జాకీ పెట్టిన టైలు ఒక మూల రెండు వేళ్ల లోతు దిగిపోయి ఉంది. జాకీ పక్కకి తిరగబడి ఉంది. జాకీతో లేపాక కారుని మోసే ఇనుప స్టాండ్లు ఉన్నాయా అని అడిగితే వాళ్లబ్బాయి షెడ్డులోకి తీసుకెళ్లి చూపించాడు. జత. చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు.

ఇలాంటిది దగ్గరగా చూడడం నాకిది మూడోసారి. ఆ ముగ్గురిలో ఒకాయన ఇప్పుడు లేడు. ముగ్గురూ పని తెలిసినవాళ్లే, ముగ్గురి దగ్గరా పానాలు, స్కానర్లు అన్నీ ఉన్నవాళ్లే. ముగ్గురూ అన్నమాట మాత్రం ఒకటే: ఒక్క నిమిషమే.

రోహిణి కార్తె అయిపోవస్తోంది. మృగశిర వచ్చేలోపు ఆయిల్ మార్చేద్దాం, బ్రేకులు చూసేద్దాం అని మన రెండు జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ ఆడి, బీఎండబ్ల్యూ, బెంజి కొనుక్కున్న వాళ్లందరూ ఇప్పుడు ఇదే పనిమీద ఉంటారు. వద్దని చెప్పడానికి రాయడం లేదు. నా దగ్గరా 2013 మోడల్ బీఎండబ్ల్యూ 320డి ఉంది. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు ఎనిమిదేళ్లుగా నేనే మార్చుకుంటున్నాను. షోరూమ్ సర్వీసంటే మాకు విశాఖ దాకా అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం వాళ్లకి వంద పైన. ఇచ్ఛాపురం వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. బిల్లు సంగతి అసలే చెప్పక్కర్లేదు. కాబట్టి చేసుకోండి. గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి లాంటివి నేను రాయను, అవి మీకు తెలుసు. తెలిసి కూడా చేస్తున్న తప్పు గురించే రాస్తాను.

నేల

కారు ఎత్తాలంటే గట్టి కాంక్రీటు, అదీ సమతలంగా ఉన్నది కావాలి. పార్కింగ్ టైల్స్ గట్టి నేల కాదు. వాటి కింద ఇసుక ఉంటుంది, వానకి అది కదులుతుంది. గేటు ముందు కాలువ మీద వేసిన పలక అసలే కాదు. ఆ పలక మీద నుంచి కారు రోజూ వెళ్తోంది కదా అంటారు. వెళ్లేటప్పుడు బరువు వెడల్పాటి టైరు మీద పడి దాటిపోతుంది. జాకీ అదే బరువుని అరచెయ్యంత చోట పెట్టి నిలబెడుతుంది. రోడ్డు నుంచి గేటుకి ఎక్కే ర్యాంపు మీద కూడా వద్దు. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద వద్దు, ఈ ఎండలకి తారు మెత్తబడి జాకీ కాలు దిగబడుతుంది.

ట్రాలీ జాకీ గురించి చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అది కారుని నిట్టనిలువుగా ఎత్తదు, వంపుగా ఎత్తుతుంది. అందుకే దానికి చక్రాలు. పైకి లేపుతుంటే జాకీ తనంతట తను కారు వైపు కొంచెం దొర్లాలి. మట్టిలో, ఇసుకలో చక్రాలు దిగబడి దొర్లవు. అప్పుడు జాకీ కదలదు కాబట్టి దాని తలకాయ జారుతుంది, లేదా కారునే పక్కకి లాగుతుంది. మట్టి వాకిలి తప్ప గతి లేదంటే మందపాటి ప్లైవుడ్డు పలక, కనీసం రెండడుగుల వెడల్పుది, జాకీ కింద ఒకటి, ప్రతి స్టాండు కింద ఒకటి వేసుకోండి. అదీ పొడి నేల అయితేనే. వాన పడ్డ మర్నాడు మట్టి మీద కారు ఎత్తకండి, పలక ఉన్నా సరే.

జాకీ పెట్టే చోటు

స్టాండ్లు కొని కూడా ఎందుకు పెట్టరు? బద్ధకం అనుకునేవాణ్ణి. పూర్తిగా బద్ధకం కాదు. ఈ కార్లలో ఒక చిక్కుంది. ఎత్తడానికి కంపెనీ ఇచ్చిన చోట్లు పక్కన మూలకి ఒకటి చొప్పున నాలుగే. బీఎండబ్ల్యూలో గుమ్మం కింద నల్లటి దిమ్మల్లా ఉంటాయి, బెంజిల్లో చాలావాటికి రబ్బరు దిమ్మలు, ఆడిలో అయితే గుమ్మం కింది రేకు అంచు మీద గుర్తులుంటాయి. జాకీ అక్కడ పెట్టేశాక స్టాండు పెట్టడానికి చోటేది? పక్కన ఎక్కడైనా పెడదామంటే అంతా ప్లాస్టిక్ కవర్లు. అక్కడే మనిషి "పోనీలే, ఒక్క నిమిషమే కదా" అంటాడు.

దీనికి దారులున్నాయి. ఒకటి, మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ చూసి ముందు వైపు సబ్‌ఫ్రేమ్ మీద, అంటే ఇంజిన్ కింది చట్రం మీద, జాకీ పెట్టే చోటు ఇచ్చారేమో చూడండి. అక్కడ ఎత్తితే రెండు పక్కలా దిమ్మలు ఖాళీగా ఉంటాయి, స్టాండ్లు అక్కడ పెట్టొచ్చు. ఊహించి పెట్టకండి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు చాలావాటిలో అల్యూమినియంది, జాకీ పెడితే పగులుతుంది. రెండు, జాకీ, స్టాండు కలిసి ఒకటిగా వచ్చేవి దొరుకుతున్నాయి, ఎత్తాక పిన్ను దోపితే అదే స్టాండవుతుంది. మూడు, ఆయిల్ మార్చడం ఒక్కటే పనైతే కారు ఎత్తొద్దు, ఇనుప ర్యాంపుల మీదికి ఎక్కించుకోండి. ఇవేవీ కుదరకపోతే లిఫ్టున్న గ్యారేజీకి వెళ్లి, లిఫ్టు అద్దెకిమ్మని అడగండి. మా ఊళ్లో ఒకాయన గంటకింత అని ఇస్తాడు. చాయ్ తాగుతూ మీరు చేసే పనికి వంకలు కూడా పెడతాడు, అది ఉచితం.

కారుతో వచ్చిన జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. ఆ మాట కారు మాన్యువల్లోనే రాసి ఉంటుంది. కిందికి దూరొద్దని కూడా రాసి ఉంటుంది. రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే పంక్చరైనా కొంతదూరం నడిచేవి, ఉన్న చాలా బీఎండబ్ల్యూల్లో స్టెప్నీ కూడా రాదు, జాకీ కూడా రాదు. అలాంటప్పుడు పక్కింటి హ్యాచ్‌బ్యాక్ జాకీ అడిగి తెచ్చుకుంటారు. ఆడి క్యూ7 రెండు టన్నులు దాటుతుంది, ఆ జాకీ దానికోసం చేసింది కాదు.

స్టాండుకి బదులు సిమెంటు ఇటుకలు పెట్టకండి. ఇటుక వంగి హెచ్చరించదు, ఒక్కసారే పొడైపోతుంది. టెక్కలి వైపు గ్రానైట్ ముక్కలు ఊరికే దొరుకుతాయని దొంతర పేర్చేవాళ్లని చూశాను. రాయి గట్టిదే. నున్నటి రాయి మీద నున్నటి రాయి, దానిమీద ఇనుము. జారడానికి ఇంకేం కావాలి?

చక్రాలు

ఆటోమేటిక్ గేరు 'పి'లో, అంటే పార్కింగ్‌లో పెట్టాను, పార్కింగ్ బ్రేక్ వేశాను అంటారు. బీఎండబ్ల్యూ, బెంజి సెడాన్లు చాలావరకు వెనక చక్రాలతో నడిచేవి. వాటిలో 'పి' పట్టుకునేది వెనక చక్రాల్నే, పార్కింగ్ బ్రేక్ పట్టుకునేదీ వెనక చక్రాల్నే. వెనక భాగం ఎత్తారంటే ఆ రెండూ గాల్లో ఉన్న చక్రాల్ని పట్టుకుని కూర్చుంటాయి. నేల మీదున్న ముందు చక్రాలకి ఏ అడ్డూ లేదు. నేల కొంచెం వాలుగా ఉన్నా కారు దొర్లుతుంది, జాకీ మీంచి దిగిపోతుంది. వెనక ఎత్తితే ముందు చక్రాలకి, ముందు ఎత్తితే వెనక చక్రాలకి, రెండు వైపులా అడ్డాలు పెట్టండి. చెక్కతో చీలికల్లా కోయించుకోండి. గుండ్రాయి వద్దు.

ఎయిర్ సస్పెన్షన్, అంటే స్ప్రింగులకి బదులు గాలి తిత్తులు ఉన్న కార్లు ఇంకో రకం. చక్రం గాల్లోకి లేవగానే కంప్యూటరు ఎత్తు సరిచెయ్యబోతుంది, గాలి వదులుతుంది లేదా నింపుతుంది. బండి ఆపేసినా కాసేపు మేలుకునే ఉంటుంది, తలుపు తీస్తే మళ్లీ లేస్తుంది. చక్రానికి, ఫెండరుకి మధ్య చెయ్యి ఉంటే అంతే సంగతులు. ఆడిలో మెనూలోకి వెళ్లి జాక్ మోడ్ వెయ్యండి, మిగతావాటికి మాన్యువల్ ఎలా చెప్తే అలా. తాళం ఇంట్లో పెట్టి రండి, జేబులో వద్దు.

స్టాండ్ల మీద దింపాక, దూరకముందు, కారుని పక్కనుంచి రెండు చేతులతో గట్టిగా నెట్టి చూడండి. పడేదైతే మీరు బయటున్నప్పుడే పడనివ్వండి. జాకీ తీసెయ్యకుండా కొంచెం తగిలేలా ఉంచండి. విప్పిన చక్రాన్ని గుమ్మం కింద పడుకోబెట్టండి. 225 సైజు టైరు పడుకోబెడితే జానెడు ఎత్తుంటుంది. ఏదైనా జరిగితే కారు నేలకి జానెడు పైన ఆగుతుంది. 

ఇక మిగతావి విడగొట్టి రాసే ఓపిక లేదు. ఎలా గుర్తొస్తే అలా.

స్టాండు లేకుండా కిందికి దూరకండి. తల ఒక్కటే పెట్టి చూస్తానంటే కూడా కుదరదు. కింద పడ్డ నట్టు తీసుకోవడానికి చెయ్యి పెట్టడం కూడా దూరడమే. కర్రతో లాక్కోండి.

చక్రం బోల్టులు నేల మీదుండగానే కాస్త వదులు చేసుకోండి. గాల్లో ఉన్న కారు మీద బలం చూపించకండి. బిగించేటప్పుడు చేత్తో మొదలుపెట్టి, నేలకి దింపాక టార్క్ రెంచితో, అంటే ఎంత బిగిసిందో కొలిచే పానాతో. నా 320డికి 140 న్యూటన్ మీటర్లు, మీదెంతో మాన్యువల్లో చూసుకోండి. పైపు తొడిగి ఎక్కి తొక్కకండి.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లో మార్చకండి. లెవెల్ చూడాలంటే ఇంజిన్ నడుస్తుండాలి, కారు సమంగా పైకి లేచి ఉండాలి, మీరు కింద ఉండాలి. నడుస్తున్న కారు కింద స్టాండ్లున్నా దూరొద్దు.

ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే వెనక బ్రేక్ ప్యాడ్లు మార్చేముందు స్కానరుతో సర్వీస్ మోడ్ వెయ్యండి. సీ క్లాంపుతో నొక్కేస్తే ప్యాడ్లని నొక్కే కాలిపర్ మోటారు పోతుంది.

వేడి మీద కూలెంట్ మూత తిప్పకండి. ఇంజిన్ ఆపినా ఫ్యాను తిరగొచ్చు, వేళ్లు జాగ్రత్త.

డీజిల్ పైపు కారుతోందని చేత్తో తడమకండి. ఇంజిన్‌కి డీజిల్ అందించే కామన్ రైల్ గొట్టంలో 1,600 బార్ పైన ప్రెషర్ ఉంటుంది, చర్మంలోంచి లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది. చిన్న చుక్కే కదా అని పసుపు రాసి ఇంట్లో కూర్చోకండి, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి వెళ్లి డీజిల్ లోపలికి పోయిందని చెప్పండి.

నారింజ రంగు కేబుళ్లు, అంటే హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో హై వోల్టేజి కరెంటువి, ముట్టుకోవద్దు. పసుపు కనెక్టర్లు, అంటే ఎయిర్‌బ్యాగువి, బ్యాటరీ తియ్యకుండా విప్పొద్దు.

చక్రం దగ్గర షాక్ అబ్జార్బరు చుట్టూ ఉండే స్ట్రట్ స్ప్రింగు విప్పొద్దు. ఎందుకని అడగొద్దు.

అద్దం కింద వైపర్ల దగ్గర వేపాకు, చింతాకు తీసెయ్యండి. సన్‌రూఫ్ మూలల్లోని గొట్టాలు సన్నటి నైలాన్ తీగతో శుభ్రం చెయ్యండి, కంప్రెసర్ గాలి కొడితే లోపల గొట్టం ఊడిపోతుంది. ఇవి మూసుకుపోతే నీళ్లు కార్పెట్ కిందికి చేరి కంప్యూటర్ బాక్సులు తడుస్తాయి. ఈ పనికి కారు ఎత్తక్కర్లేదు. ఒక్క నిమిషం పని అంటే ఇది.

నీళ్లలో ఆగిపోయిన బండి మళ్లీ స్టార్ట్ చెయ్యొద్దు. ఒక్కసారి కూడా.

తుఫాను హెచ్చరిక ఉన్న రోజు కారు ఎత్తొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. కింద ఇరుక్కుంటే ఎవరికి చెప్తారు?

ఒంటరిగా చెయ్యొద్దు. చెవిలో పాటలు పెట్టుకోవద్దు. తోడున్న మనిషికి జాకీ ఎలా ఎత్తాలో పని మొదలుపెట్టకముందే ఒకసారి చేయించండి. ఇంకో జాకీ బయట, చేతికందేలా ఉంచండి. మా పక్క వీధిలో వాళ్లావిడ బయటకొచ్చి చూస్తే ఉన్న ఒక్క జాకీ కారు కిందే ఉంది. ఇద్దరు వంటమనుషులు, ఒక పాలబ్బాయి కలిసి చేతులతో ఎత్తారు.

పడిందే అనుకోండి, పక్కనున్నవాళ్లు చెయ్యాల్సింది: ఒకరు 108కి ఫోన్ చెయ్యండి, ఇంకొకరు జాకీ పెట్టండి. ఛాతీ మీద ఉంటే ఎవరికోసం చూడకండి, వెంటనే ఎత్తండి. ఎత్తుతూనే కింద చక్రమో దుంగో తొయ్యండి, మళ్లీ పడకుండా. బరువు లేవకముందే కాళ్లు పట్టుకుని లాగొద్దు. అంబులెన్స్ వాళ్లకి ముందు చెప్పాల్సింది, మనిషి ఎన్ని నిమిషాలు కారు కింద ఉన్నాడో.